లేదు బంకు

అనగనగా ఒక రోడ్డు. ఊరు కాదమ్మడూ, రోడ్డే. ఊళ్ళ కథలు నీకు బోలెడు చెప్పేశాను. ఇవాళ నాకు ఒళ్ళంతా పులిసిపోయింది. రోడ్డు కథయితే తిన్నగా పోతుంది, మలుపుల దగ్గర ఆగి ఆలోచించక్కర్లేదు. కాస్త అటు జరిగి నా కాళ్ళ మీద దుప్పటి వెయ్యి. ఊఁ కొడుతూ ఉండు.

ఆ రోడ్డు పోయి పోయి నాగులకొండ ఘాటు ఎక్కేది. ఘాటంటే కొండ చుట్టూ తిప్పుకుంటూ పోయే దారి. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. ఆ ఘాటు ఎక్కబోయే ముందు, సీతంపాలెం మలుపు దగ్గర, ఒక పెట్రోలు బంకు ఉండేది.

ఆ తర్వాత ఊరవతలి నుంచి బైపాసు పడింది. లారీలన్నీ అటే పోయాయి. బంకు మూతపడింది. పంపులు పీక్కుపోయారు, భూమిలో ఉన్న ట్యాంకుల్లో ఇసక పోసేశారు. మిగిలిందల్లా ముందువైపు పెద్ద శ్లాబు, దాని కింద ఒక సిమెంటు అరుగు, ఒక అద్దాల గది, వెనకాల పొడుగాటి సావిడి.

అప్పుడు అక్కడికి కాపరానికి ఒకావిడ వచ్చింది. పేరా? పేరుదేముంది, సన్యాసమ్మ అనుకుందాం. అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆవిడ వేళ్ళు నల్లబడిపోయాయి. ఉన్న ఒక్క గదిల్లూ రోడ్డు వెడల్పు చెయ్యడంలో పోయింది. కూతురేమో పెళ్ళయి దూరాన ఉంది. ఇంక ఎక్కడన్నా నడుం వాల్చే చోటుంటే చాలు దేవుడా అనుకునేది.

అప్పుడు ఆవిడ తమ్ముడు సూరప్పడు వచ్చాడు. "అక్కా, చోటు దొరికింది. ఆ జాగా కొన్నవాళ్ళు కాపలాకి ఒక మనిషి ఉంటే చాలన్నారు. బతికినన్నాళ్ళు ఉండొచ్చంట."

"ఏ చోటురా?"

"పాత పెట్రోలు బంకు. నాగులకొండ దిగువన లేదా, అదే, లేదు బంకు."

సన్యాసమ్మ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసింది. చుట్టుపక్కల అందరూ దాన్ని లేదు బంకనే అంటారు. ఎప్పుడు చూసినా అక్కడ డీజిల్ లేదనేవారట. సన్యాసమ్మకి ఆ పేరు వింటేనే కడుపులో మంట.

ఎందుకో చెప్తాను విను. ఆవిడ మొగుడు ఎర్రినాయుడు లారీ డ్రైవరు. మంచివాడే. కానీ మూడుసార్లు, సరిగ్గా మనిషి కావలసిన మూడుసార్లు, పూటో రోజో ఆలస్యంగా వచ్చాడు. మొదటిసారి కూతురి బారసాల రోజు. పిల్ల చెవిలో పేరు చెప్పడానికి తండ్రి లేడు. రెండోసారి సన్యాసమ్మ తల్లి పోయినప్పుడు. పాడె మొయ్యడానికి అల్లుడు లేడు. మూడోసారి సన్యాసమ్మకే టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో పడుంటే, మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు.

మూడుసార్లూ వచ్చి ఒక్కటే మాట అన్నాడు. "ఘాటు కింద బంకులో స్టాకు లేదన్నారే. వచ్చేదాకా ఆగమన్నారు."

మొదటిసారి నమ్మింది. రెండోసారి ఊరుకుంది. మూడోసారి ఏమయిందంటే, అదే రోజు, అదే బంకులో, పక్కింటి లారీ ఆయన ట్యాంకు నిండా డీజిల్ కొట్టించుకుని వేళకి ఇంటికొచ్చేశాడు. అది సన్యాసమ్మ చెవిన పడింది.

ఇంకేముంది. మొగుడు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అడిగింది. "ఆ బంకు ఏ రంగు చీర కడుతుందేటి?"

ఎర్రినాయుడు తెల్లబోయాడు. ఒట్టేశాడు. ఆవిడ వినలేదు. ఆ రోజు నుంచి అన్నం పెట్టేది, పక్కన కూచునేది కాదు. మాట్లాడేది, మొహం చూసేది కాదు. అలాగే పదకొండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత అతనికి పచ్చకామెర్లు ముదిరాయి. మంచం మీద కూడా, "ఒట్టే సన్నీ, స్టాకు లేదన్నారు" అన్నాడు. ఆవిడ మందు పోసి అటు తిరిగి కూచుంది. మర్నాడు పొద్దున్నే అతను పోయాడు.

పోయినవాణ్ణి తిట్టలేదు, క్షమించలేదు. రెండూ చెయ్యకుండా మొయ్యడం చాలా కష్టమమ్మా. ఆవిడ అలసటలో సగం జీడిపిక్కలదయితే సగం దీనిదే.

"వస్తాన్రా" అంది తమ్ముడితో. ఆ బంకు మొహం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనుకుంది.

ఒక ట్రంకుపెట్టె, ఒక పొయ్యి, రెండు బిందెలు పట్టుకుని సన్యాసమ్మ బంకులో దిగింది. తలుపు తియ్యగానే గుప్పున పాత నూనె వాసన. మొదటి రోజు అద్దాల గది తుడిచింది. తలుపు వెనక ఒక రేకు బోర్డు దొరికింది. దాని మీద 'స్టాకు లేదు' అని రాసుంది. దానికి కట్టిన తాడు తీసి తగిలించీ, తీసి తగిలించీ, పీచులా అరిగిపోయింది.

సన్యాసమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూచుండిపోయింది. అయితే బోర్డు నిజమే. మరి పక్కింటాయనకి డీజిల్ ఎలా దొరికింది? బంకులో డీజిల్ ఒకళ్ళకి ఉండి ఇంకొకళ్ళకి లేకపోవడమేమిటి?

రెండో రోజు వెనక సావిడి తెరిచింది. అక్కడ ఎనిమిది మంచాలు. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, నులకంతా చివికిపోయింది. పెట్రోలు బంకులో మంచాలెందుకు? ఆవిడ చీపురు అక్కడే పారేసింది. ఏమనుకుందో నీకెందుకులే గాని, మంచి మాట మాత్రం అనుకోలేదు. ఓహో, ఇదా సంగతి, అనుకుంది.

మూడో రోజు వెళ్ళిపోదామని పెట్టె సర్దింది. కానీ ఎక్కడికని పోతుంది? కాళ్ళలో సత్తువ లేదు. సరే, ఆ పాడుగోడలకి కాస్త సున్నమన్నా వేస్తే పాత పాపం కనపడకుండా పోతుందని, సున్నం నానబెట్టింది.

సావిడి గోడకి సున్నం వేసింది. తెల్లగా వచ్చింది. రెండు రోజులకి తెలుపులోంచి నల్లటి చుక్కలు పైకి తేలాయి. మళ్ళీ వేసింది, ఈసారి జిగురు కలిపి రెండు పూతలు. మళ్ళీ తేలాయి. మూడోసారి నీలిమందు కూడా కలిపి వేసింది. వారం తిరక్కుండా మళ్ళీ అవే, చుక్కలు చుక్కలుగా, గోడ నిండా.

"మన గోడ మీద ఉన్నట్టేనా అమ్మమ్మా?"

మధ్యలో అడ్డం రాకు. ఊఁ కొట్టు చాలు.

అప్పుడు సన్యాసమ్మ సున్నం బకెట్టు పక్కనే చతికిలబడింది. చేతులు లేవడం లేదు. ఏడుద్దామంటే అదీ రావడం లేదు. నేను చేసిన పాపమేటి, గోడ కూడా నా మాట వినదు, అనుకుంది.

అప్పుడే కర్ర చప్పుడయింది. వెన్ను వంగిపోయిన ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. సీతంపాలెం అసిరమ్మ. ఆ బంకులో పంపు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన కూర్మయ్య పెళ్ళాం. బంకులో ఎవరో ఉంటున్నారని విని చూసి పోదామని వచ్చింది.

"ఏటి తల్లీ, సున్నం దండగ చేసేస్తన్నావు. అది గిరీసు. సున్నానికి లొంగదు" అంది.

"గోడ నిండా గిరీసెందుకు పూశారమ్మా?"

"పుయ్యలేదు. అవి డ్రైవర్ల బొటనవేళ్ళు."

ఆ తర్వాత అసిరమ్మ కర్ర పక్కన పెట్టి, మంచం పట్టె మీద కూచుని, నింపాదిగా చెప్పింది. ఘాటులో నెలకొక లారీ లోయలో పడేదట. బండి పాడయి కాదు, డ్రైవరుకి కునుకు పట్టి. రెండేసి రాత్రులు కంటి మీద కునుకు లేకుండా తోలి వచ్చి, అలాగే కొండెక్కేసేవారు. పడుకోరా అంటే వినేవారు కాదు. నిద్ర వస్తోందని ఏ డ్రైవరు ఒప్పుకుంటాడు? ఓనరు బండి లాగేసుకుంటాడు.

"మా ఆయన ఏటి చేసేవాడంటే, బండి ఆగగానే గళాసు అంచుదాకా నీళ్ళు పోసి చేతికిచ్చేవాడు. చెయ్యి ఒణక్కండా తాగినోడికి డీజిల్ కొట్టేవాడు. నీళ్ళు చొక్కా మీద ఒలికినాయో, బోర్డు తెచ్చి తగిలించీవాడు. స్టాకు లేదు బాబూ, బండొస్తంది, నీ వొంతు రాగానే లేపుతానని మంచం చూపించీవాడు. లారీ నెంబరు బొగ్గుతో గోడ మీద రాసి, పక్కన గిరీసు వేలు వెయ్యమనీవాడు. ఒంతు తప్పకండా ఉంటానికని. అంతా అబద్దమే. భూమిలో డీజిలు నిండా ఉండీది. నాను చోడంబలి కాసీదాన్ని. లేచినాక తాగి పోయీవారు."

"వాళ్ళకి తెలిసేది కాదా?"

"తెలిస్తే పడుకుంటారేటి? లేదు బంకని తిట్టుకుంటా పోయీవారు. మా ఆయన నవ్వుకునీవాడు. తిట్టినోడు కొండ దిగినట్టే అనీవాడు." అసిరమ్మ కర్ర చేతిలోకి తీసుకుంది. "గాని ఒక్కటే తల్లీ. ఇళ్ళ కాడ ఆడాళ్ళు ఎదురు చూస్తంటారని ఆయనకి తోచలేదు. నాకూ తోచలేదు."

సన్యాసమ్మ లేచి పొయ్యి దగ్గర్నుంచి అట్లకాడ తెచ్చింది. తను వేసిన మూడు సున్నాలూ, అంతకు ముందు ఎవరో వేసినవీ గీకడం మొదలుపెట్టింది. ఆ రోజు ఒక పక్క గీకింది. రెండో రోజు ఇంకో పక్క. బొగ్గు అంకెలు కొన్ని సున్నంతో రాలిపోయాయి, కొన్ని నిలిచాయి. ఏ నెంబరు కోసమో ఆవిడకి తెలుసు. వీధి చివర హారను వినపడగానే గుమ్మంలోకి పరిగెత్తి చూసుకున్న నెంబరది.

మూడో రోజు మధ్యాహ్నం, కిటికీ కింద దొరికింది. నాలుగు ఏడు ఒకటి ఎనిమిది. దాని పక్కన మూడు వేలిముద్రలు. ఒకటి కాదు, నాలుగు కాదు, మూడు. మూడింట్లోనూ అడ్డంగా ఒక సన్నటి గీత. పెళ్ళయిన కొత్తలో జాకీ జారి ఎర్రినాయుడి బొటనవేలు తెగితే, పసుపు అద్ది కట్టు కట్టింది ఆవిడే.

ఒకటి బారసాలకి. ఒకటి తల్లి పోయినప్పటిది. ఒకటి ఆస్పత్రిది.

అప్పుడు ఏడ్చిందమ్మా. గోడకి తల ఆనించి, సున్నమంతా మొహాన అంటుకునేలా ఏడ్చింది. అతను నిజమే చెప్పాడు. అతనికి తెలిసిన నిజమంతా అదే. పదకొండేళ్ళు పక్కన కూచోకుండా అన్నం పెట్టింది. ఇప్పుడు కూచుందామంటే మనిషేడి? ఆ మూడు రోజులూ అతన్ని ఇక్కడ పడుకోబెట్టకపోతే ఇంటికి మనిషి వచ్చేవాడు కాదు, కబురు వచ్చేది. అది తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత చాలా రోజులకి, ఆవిడ మంచాలకి కొత్త నులక అల్లింది. ఎనిమిదింటికీ ఓపిక లేక రెండింటికే అల్లింది. సావిడికి మళ్ళీ సున్నం వేసింది, కిటికీ కింద మాత్రం ఖాళీ వదిలేసింది.

ఒక మధ్యాహ్నం, ఎండ మాడిపోతుంటే, బైపాసు తప్పిన పెంకుల లారీ ఒకటి వచ్చి శ్లాబు కింద ఆగింది. డ్రైవరు దిగాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "అమ్మా, ఘాటుకి ఇదేనా దారి?"

సన్యాసమ్మ గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి ఇచ్చింది. సగం అతని చొక్కా తాగింది.

"దారి ఇదే బాబూ. గాని పైన కల్వర్టు పని చేస్తన్నారు. ఇప్పుడు ఒదల్రు. మంచముంది, పడుకో. తెరవగానే లేపుతాను." జన్మలో అబద్ధమంటే పడని మనిషి, తడుముకోకుండా చెప్పేసింది.

అతను విసుక్కున్నాడు, రోడ్డుని తిట్టాడు. తిట్టి, మంచం మీద వాలబోయాడు.

"ఉండు. ఇంట్లో ఎవరున్నారు? ముందు ఫోను కలుపు. నాకియ్యి."

అతను అయోమయంగా కలిపి ఇచ్చాడు. అటుపక్క ఒక చిన్నపిల్లలాంటి గొంతు, అప్పుడే కోపంగా ఉంది. "మళ్ళీ ఆలస్యమేనా?"

"అమ్మా, నేను నీ మొగుణ్ణి కాదు. నాగులకొండ కింద బంకులో ఉంటాను. నా పేరు సన్యాసమ్మ, నాకు అరవై రెండేళ్ళు. నీ మొగుడు నా ఇంట్లో పడుకుని వస్తాడు. చీకటి పడితే పడుతుంది. అతను వచ్చి ఏం చెప్పినా నిజమే, నేను సాక్ష్యం." ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "రాగానే అన్నం పెట్టి, పక్కన కూచో."

ఫోను ఇచ్చేసరికి అతను గురక పెడుతున్నాడు. అప్పుడు సన్యాసమ్మ రెండో మంచం కిటికీ కిందకి లాక్కుంది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఎన్నేళ్ళకో ఒంటి మీద తెలివి లేకుండా నిద్రపోయింది.

"ఆవిడ ఇప్పుడెక్కడుంది అమ్మమ్మా?"

ఎక్కడుంటుంది. మోకాళ్ళ నొప్పులని మనవరాలి పక్కన నడుం వాల్చింది. ఇంక ఆ గోడ మీంచి వేలు తియ్యి తల్లీ. మీ తాత వేలు పక్కన నీ వేలు చిన్నది. పెద్దయ్యాక కొలుచుకుందువు గాని. కళ్ళు మూసుకో.

లేదు బంకులో ఏముంది? నులక మంచం ఉంది.
మంచం మీద ఏముంది? మాగన్ను నిద్దరుంది.
నిద్దర్లోన ఏముంది? నీ ఇంటి దారుంది.
కథేమో లారీ ఎక్కి కంచి దాకా పోయింది,
మనమేమో ఇంట్లోనే, రోడ్డు నిద్దరపోయింది.