నలభై మూరల నూలు

వెనకటికి కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని చండకేతు అనే రాజు ఏలేవాడు. ఆయనకి తన కొలతల మీద మహా గర్వం. గుడి కట్టినా కోట కట్టినా మూరకర్ర తానే పట్టేవాడు. తప్పు అన్నవాడి పని అంతటితో సరి.

ఆ ఏడు జ్వరాలొచ్చి ఊరంతా ఏడుపే అయింది. రాణి కూడా పోయింది.

ఆ ఇంట ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ల గదిలో ఒక చివర గోడకి దీపం గూడు, ఎదుటి గోడకి దేవుడి గూడు ఉంటాయి. పదకొండో రోజున దీపం నుంచి దేవుడి దాకా నూలుపోగు వెయ్యాలి. ప్రాణం దాని మీద నడిచిపోతుందట. పోగు గాలిలో వేలాడకూడదు, గోడనో కప్పునో నేలనో అంటుకునే పోవాలి. ముడి పడకూడదు. పోయిన మనిషి చేతి దూదే కావాలి.

రాజు గది కొలిచాడు. పొడుగు ముప్పై మూరలు. వెడల్పు పన్నెండు, ఎత్తూ పన్నెండే. రెండు గూళ్లూ గోడల వెడల్పుకి నడిమధ్యలోనే ఉన్నాయి. కాకపోతే దీపం గూడు కప్పుకి మూర కింద, దేవుడి గూడు నేలకి మూర పైన.

"పైకి ఒకటి, కప్పు వెంట ముప్పై, కిందికి పదకొండు. నలభై రెండు మూరలు!" అన్నాడు.

రాణి ఏకి పెట్టుకున్న దూది గుప్పెడే మిగిలింది. చౌడప్ప అనే ముసలి నేతగాడు దాన్ని ఎంత సన్నగా వడికినా నలభై మూరల మీద బెత్తెడే వచ్చింది.

రాజు మండిపడ్డాడు. "రాణిని దారి మధ్యలో నిలబెడతావా? వీడి బొటనవేలు తీసెయ్యండి!"

బొటనవేలు లేని నేతగాడికి ఇంక బతుకేముంది?

అంతలో చౌడప్ప కోడలు తాయమ్మ తాటాకు పెట్టె ఒకటి చంకనెట్టుకుని వచ్చింది. ఆమె పుట్టింటివాళ్లది పెట్టెలు అల్లే పని.

"ఏలినవారు మన్నించాలి. ఆ పోగు చాలుతుంది."

"నా కొలత తప్పంటావా?"

"అమ్మో, నేనెందుకంటాను ప్రభూ? చాలకపోతే నా బొటనవేలు కూడా తీయించండి."

"వద్దే అమ్మీ," అన్నాడు చౌడప్ప.

"నువ్వూరుకో మామా."

ఆమె పెట్టె కింద పెట్టింది. రాజు చెప్పిన కొలతలకే, మూరకి ఒక వేలు వెడల్పు చొప్పున అల్లిన అచ్చం ఆ గదే. గూళ్ల చోట రెండు బొట్లు పెట్టింది. తర్వాత చాకుతో కుట్లు తెంపడం మొదలెట్టింది. దీపం గోడని కప్పుకే ఉంచింది. దేవుడి గోడని నేలకే ఉంచింది. కప్పునీ నేలనీ కలుపుతూ ఒక పక్కగోడ మిగిలింది. పెట్టె చాపలా పరుచుకుంది.

"అల్లేటప్పుడు మేం ముందు ఇలాగే పరుచుకుంటాం ప్రభూ."

ఆ బొట్టు నుంచి ఈ బొట్టుకి దారం బిగలాగింది. దారం ఏటవాలుగా కప్పు మీదుగా, పక్కగోడ మీదుగా, నేల మీదుగా పోయింది. రాజు తన వేళ్లతోనే కొలిచాడు. నలభై.

"పెట్టెని చింపావు. నా గదిని కూడా చింపుతావా?"

"ఎందుకు ప్రభూ?" అని ఆకుల్ని మళ్లీ మడిచి చూపించింది. దారం ఎక్కడా గాలిలోకి లేవలేదు.

వెంటనే గదిలో అలాగే పోగు వేయించారు. దేవుడి గూటిని చేరి, ఇంకా బెత్తెడు మిగిలింది.

రాజు మొహం నల్లబడింది. "అయితే నా కొలత..."

"తమరి కొలత తమరి దారికి సరిగ్గానే ఉంది మహారాజా. ఏలినవారు ఎప్పుడూ ఎదురుగా, తిన్నగా నడుస్తారు. పక్కగోడని ఆనుకుని ఒదిగి నడిచేది మాలాంటివాళ్లు. ఆ దారి తమకెలా తెలుస్తుంది?"

రాజు పకపకా నవ్వాడు. రాణి పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

"నీకు పదెకరాల మాగాణి ఇస్తున్నాను. ఇంకేం కావాలో అడుగు!"

"మా మామకి పది రోజులు సెలవిప్పించండి. మా అత్త కూడా ఈ జ్వరంతోనే పోయింది. రాణిగారి నూలు హడావుడిలో ఆయన ఇంకా ఏడవనే లేదు."

రాజు నవ్వు ఆగిపోయింది. తన శాలువా తీసి చౌడప్పకి కప్పి, గుమ్మం దాకా తానే వచ్చి సాగనంపాడు.

ఇంటికి చేరాక చౌడప్ప మగ్గం పక్కన కూలబడి, తనివితీరా ఏడ్చాడు.