కొత్వాలు కెమెరాలో నలుసు

ఏ రాజ్యమో అడక్కండి. నేను చెయ్యేస్తే అక్కడ చచ్చిన కెమెరాలు కూడా లేచి కూర్చునేవి! ఆ ఊరి కొత్వాలు గజపతయ్య దగ్గర "దొంగల్ని పట్టే కెమెరా" ఉండేది. తనకు గిట్టనివాళ్లను పీట మీద కూర్చోబెట్టి ఫొటో తీసేవాడు. నుదుట నల్లమచ్చ పడిందా, చెరసాలే.

ఒకనాడు నా వంతు వచ్చింది. గోడకంటించిన "దొంగల" ఫొటోలు ఒక్క చూపు చూశాను. అన్నిట్లోనూ మచ్చ ఒకే చోట ఉంది! అంటే తప్పు మొహాలది కాదు, కెమెరా లోపల బొమ్మ పట్టే సెన్సర్ మీద నలుసు పడింది. నా తల వెనకే గోడకి మహారాజుగారి పటం వేలాడుతోంది.

"కదలకు గుర్నాథం! నా కెమెరా అబద్ధమాడదు" అని గర్జించాడు కొత్వాలు.

సరిగ్గా నొక్కే క్షణానికి తల పక్కకి వంచాను.

ఫొటోలో నా మొహం వెన్నముద్దలా ఉంది. మచ్చ మహారాజుగారి నుదుట పడింది.

"మీ కెమెరా అబద్ధమాడదుగా? సంకెళ్లు పట్టుకుని కోటకి పదండి" అన్నాను.

కొత్వాలు నా గడ్డం పట్టుకున్నాడు. "బాబ్బాబు, ఆ నలుసు తుడిచెయ్యి నాయనా!"

"ముందు చెరసాల తలుపులు తియ్యండి."

ఆఖరి ఖైదీ గడప దాటాకే నా సంచిలోంచి బ్రష్ తీశాను.