గాల్లో వేలాడిన బండి

వడ్రంగి పాపోజు చేసిన బండిలో నలభై మంది కూర్చోవచ్చు. సముద్రం అవతలి రాజు దాన్ని కొన్నాడు. పాపోజు సుంకం కట్టేశాక మోకులతో ఓడలోకి ఎత్తుతుంటే, ఇల్లంత బండి గాల్లోకి లేవడం చూసి రేవంతా నోరెళ్లబెట్టింది.

సగంలో సుంకాల అధికారి ఆపించాడు. “నేల మీద ఉన్నందుకు కట్టావు, సరే. ఓడను తాకేదాకా బండి నా అధీనమే. గాల్లో ఉన్నందుకూ సుంకం కట్టు.”

పాపోజు చేతులు కట్టుకున్నాడు. “చిత్తం. సరుకు ఎవరి అధీనంలో ఉంటే నష్టం వాళ్లదేనని మన రేవు కట్టుబాటు. ఇది పడితే ఆ రాజుకు మీరే చెప్పుకోవాలి. మోకు పట్టండి దొరా,” అంటూ కొసను అతని చేతిలో పెట్టాడు.

పైన మోకు కిర్రుమంది. కింద సముద్రం. అధికారి మోకు కొసను తిరిగి పాపోజు చేతిలోకి తోసేశాడు.

“త్వరగా ఎక్కించండి. గాలికి సుంకమని ఎవడన్నాడు?”