గురవమ్మ కుడితి ఒలకబోసిన కథ

కొట్టము గడపకు పసుపు రాసి, చేత అక్షతలు పట్టి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ కథ వినవలెను. వినునపుడు కూడ పశువుల మెడగంటల వైపు ఒక చెవి వేసియుంచవలెను.

పూర్వము తృణపాణి మహర్షి తన ఆశ్రమమున లేగదూడ గంగడోలు నిమురుచుండగా, మృదుశీలుడను ముని వచ్చి నమస్కరించెను. మనుష్యునికి జ్వరము వచ్చిన ఇల్లంతయు వినునట్లు మూలుగును గదా, నోరులేని పశువుకు తెగులు వచ్చిన తెలియుటెట్లని, ఒకదాని తెగులు మందకంతటికి అంటకుండ కాచు వ్రతమేదైన కలదా యని అడిగెను. మహర్షి సంతసించి ఇట్లు చెప్పసాగెను.

పెన్నానది ఒడ్డున పచ్చికవీడు అను ఊరిలో కదిరయ్య అను రైతును, అతని భార్య గురవమ్మయు ఉండిరి. గురవమ్మకు పశువులన్న ప్రాణము. మగని సంగటి చల్లారిపోయిన పట్టించుకొనదు గాని, ఆవులకు కుడితి ఆలస్యమైన తల్లడిల్లిపోవును. కదిరయ్య మంచివాడు గనుక, తనను కూడ కొట్టములో కట్టివేసిన వేళకు తిండి దొరకునేమో అని నవ్వి ఊరకుండెడివాడు. ఆ కొట్టములో కర్రావు అను నల్లని ఆవు ఉండెను. గురవమ్మ కాపురమునకు వచ్చిననాడు పుట్టింటివారు వెంట తోలిన పెయ్యదూడయే అట్లు పెరిగెను. ఆమె పిలిచిన అది పలుకును, ఆమె ఏడ్చిన అది చేయి నాకును.

ఆ యూర ఒక ఆచారము కలదు. కొత్తపశువు ఇంటికి వచ్చిన నొసట బొట్టు పెట్టి, హారతి యిచ్చి, అప్పటికప్పుడే తక్కిన పశువులతో ఒకే తొట్టిలో కుడితి తాగింతురు. ఒక తొట్టిలో మూతి పెట్టినవి ఒక తల్లి బిడ్డలగునని వారి నమ్మకము. ఒకనాడు కదిరయ్య సంతలో ఎర్రావును కొని తెచ్చెను. దాని నోట చొంగ తీగలుగా కారుచుండెను, అడుగులు కుంటుచుండెను. గురవమ్మ అది చూచి, పాతయింటి బెంగతో కంటనీరు చాలక నోట కూడ కారుచున్నదనియు, దూరము నడిచి కాళ్లు నొచ్చినవనియు జాలిపడెను. తన పైటచెంగుతో దాని మూతి తుడిచి, కర్రావు చిన్నబుచ్చుకొనునని అదే చెంగుతో దాని మూతియు తుడిచెను. పిమ్మట అన్నిటిని ఒకే తొట్టికి తోలెను.

కొన్నాళ్లకే కొట్టమంతయు గాలికుంటు అంటుకొనెను. పశువుల నోళ్లు పొక్కెను, గిట్టల నడుమ పుండ్లు పడెను, పాలు ఇగిరిపోయెను. కర్రావు చంటిదూడ పొదుగు కుడుచుచునే కూలి ప్రాణము విడిచెను. గురవమ్మ దానిని ఒడిలో పెట్టుకొని, తానేమి లోటు చేసితినో తెలియక కుమిలి కుమిలి ఏడ్చెను. పాపమామె లోటు చేయలేదు, ప్రేమగా చేసిన పనియే కీడు చేసెను. ఆ సంగతి చెప్పువారు ఊర లేకపోయిరి.

ఆ యేడ్పు విని, పశువుల కొట్టములను కాచు దేవత కొట్టపులక్ష్మి మజ్జిగలమ్ము ముసలమ్మ రూపమున వచ్చెను. గురవమ్మ లోపలికి రమ్మనగా ఆమె గడప దాటక,

"నాలుగిండ్ల కొట్టాలు తొక్కి వస్తాండా తల్లీ. కాళ్లు కడుక్కోకుండా నీ గడప దాటేది లేదు. రోన్ని నీళ్లియ్యి," అనెను.

కాళ్లు కడిగికొని లోపలికి వచ్చి, నోళ్లను పటికనీళ్లతోను, గిట్టలను వేపాకు కాచిన నీళ్లతోను కడుగుమని చెప్పెను. పిదప వ్రతవిధానము తెలిపెను. కొత్తపశువు ఎవరి యింటినుండి వచ్చినను ఒక పక్షము దూరముగా కట్టవలెను. దాని తొట్టి దానికే, దాని పలుపు దానికే. ఇంటి పశువులకు ముందు మేతవేసి, చివరకు దాని దగ్గరకు పోయి, కాళ్లు చేతులు కడిగికొని మరలవలెను. ప్రతి ఉదయమున ప్రతి పశువు నోరు, ముక్కు, గిట్టలు, పొదుగు చూడవలెను. నెమరు మానినదానిని, చెవులు వ్రేలవేసినదానిని వేరుచేసి వైద్యుని పిలువవలెను, ఇరుగుపొరుగుకు దాచక చెప్పవలెను. తెగులుతో చచ్చినదానిని కోయక, లోతుగా సున్నముతో పూడ్చవలెను. గురవమ్మ అట్లే చేసెను. పశువులు మెల్లగా తేరుకొనెను. మరుసటి యేటికి కర్రావు మరల చూలాయెను.

అది నెలలు నిండియుండగా, గురవమ్మ తమ్ముడు ఓబులేసు అక్కపై ప్రేమతో ఒక తెల్లావును తోలుకొని వచ్చెను. గురవమ్మ దానిని దొడ్డి బయట చింతచెట్టు కింద కట్టించెను. తమ్ముని ముఖము చిన్నబోయెను.

"మా ఆవు మీ కొట్టానికి పనికిరాదా అక్కా?"

"పనికొస్తాది నాయనా. ఈ పక్షం పోనీ."

బామ్మర్ది ముఖము చూడలేక కదిరయ్య, భార్య బొబ్బట్లు చేయుచుండగా, తెల్లావును మెల్లగా విప్పి కర్రావు తొట్టి దగ్గరకు నడిపించెను. గురవమ్మ వంటింటినుండి చూచి, పిండిచేతులతోనే పరుగెత్తివచ్చి, ఆవు మూతి ఆనకముందే తొట్టిని బోర్లదోసెను. కుడితి వాకిలంతయు పారి ఓబులేసు కొత్తపంచెను తడిపెను. అతడు అన్నము ముట్టక వెళ్లిపోయెను. గురవమ్మ ఆ పూటంతయు ఏడ్చెను. పుట్టింటితో రాకపోకలు తెగినవనియే అనుకొనెను. ఐనను తెల్లావుకు అన్నిటి తరువాతనే గడ్డి వేసి, దాని మెడ నిమిరి, కాళ్లు చేతులు కడిగికొనియే లోపలికి వచ్చెను.

పక్షము తిరుగకముందే, ఒక ఉదయమున తెల్లావు నాలుకపై పొక్కు కనబడెను. గురవమ్మ వైద్యుని పిలిపించి, ఊరంతటికి చాటింపు వేయించెను. కదిరయ్య తలస్నానము చేసి, ఉతికిన బట్టలు కట్టి, బామ్మర్ది ఊరికి పోయి, కొట్టములోనికి పోకయే మాట చెప్పివచ్చెను. ఓబులేసు తన పశువుల మూతులు చూడగా ఒక్క ఎద్దుకే చొంగ కారుచుండెను. దానిని వేరుచేసెను, తక్కిన మంద నిలిచెను. తెల్లావు కూడ తేరుకొనెను. కర్రావు సుఖముగా పెయ్యదూడను ఈనెను.

ఆ కబురు విని ఓబులేసు బండి కట్టుకొని వచ్చెను. ఎవరును చెప్పకముందే తన ఎద్దులను దూరముగా చింతకింద విప్పి, వాటికి తాను తెచ్చిన తొట్టిలో నీళ్లు పోసి, కాళ్లు చేతులు కడిగికొని గడప బయట నిలిచి,

"అక్కా, నీ మనవరాలిని చూపియ్యవా?" అనెను.

గురవమ్మ దూడను రెండు చేతుల ఎత్తి తెచ్చి తమ్ముని చేతులలో పెట్టెను.

కావున మృదుశీలా, పాడి గలవారును, సంతలో పశువును కొనువారును, ఆడపడుచుకు ఆవు నిచ్చువారును, మందలు కాచువారును ఈ వ్రతమును తప్పక చేయవలెను. కలియుగమున పశువైద్యులు టీకాసూదితో ఊరికి రాగలరు. ఒకపూట పాలు తగ్గునని పశువును దాచక, ఆ టీకాను అమ్మవారి ప్రసాదముగా నెంచి, పట్టి నిలిపి వేయించవలెను. అట్లు చేసినవారి పొదుగులు నిండును, దూడలు నిలుచును, బంధువులు అలిగినను మరల వత్తురని మహర్షి పలికెను.

కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొని లేవుడు. ప్రసాదము తరువాత. ముందు కొట్టములోనికి నడువుడు, ఒక్కొక్కదాని నోరు తెరిచి చూడుడు. అవి తమంతట తాము చెప్పలేవు.