చెంగమ్మ వంతు కంచె

ఎండాకాలంలో అడవి అంటుకుని, గుట్ట చుట్టూ ఉన్న కంపల కంచె కాలి బూడిదైంది. అది ఉన్నన్నాళ్ళూ గుట్టమీది చిన్న జంతువులు గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయేవి. ఇప్పుడు నక్క రోజూ వచ్చి, సంతకు వచ్చినవాడిలా అందరి పిల్లల్నీ తీరిగ్గా చూసుకుని పోతోంది.

ముళ్ళపంది తాత అందరినీ కూడేసి ప్రార్థన చేయించాడు. ఆమేన్ అన్నాక, దేవుడు కాపాడతాడు కదా అని చేతులు ముడుచుకు కూర్చుంటే కుదరదన్నాడు. ఎవరి బొరియ ముందున్న భాగం వాళ్ళు కట్టుకోవాలి, సగంమంది కంప మోస్తుంటే సగంమంది కాపలా కాయాలి. ఏర్పాటు బాగానే ఉంది. అందులో లోపం కుందేలు చెంగమ్మకు ఒక్కదానికే తెలిసింది.

ఆమె అప్పుడే ఈనింది. కంప నోట కరుచుకుని కాస్త దూరం లాగేసరికి పిల్లలు పాలకు గోల పెట్టేవి. ఇటు తాబేలు, అటు ముంగిస తమ భాగాలు చక్కగా లేపుకున్నాయి. మధ్యలో చెంగమ్మ ముందు మాత్రం సందు అలాగే ఉంది. చేతకాలేదని చెబితే నలుగురిలో లోకువైపోతానని నోరు విప్పలేదు, పిచ్చితల్లి.

నక్క మొదట వెక్కిరించింది. తోక ఆనిస్తే కూలిపోయే కంచె అంది. ఎవరూ తలెత్తలేదు. వాగు దగ్గరికి వస్తే రాజీ మాట్లాడుకుందామని తాతకు కబురు పెట్టింది. పనిలో ఉన్నాను, రాలేనన్నాడు తాత. అప్పుడు దాని కన్ను సందుమీద పడింది. కాపలావాళ్ళు అటువైపు తిరిగిన అదను చూసి చెంగమ్మ దగ్గరికి చేరింది.

"చెల్లెమ్మా, తాతకు ముళ్ళున్నాయి, తాబేలుకు డిప్ప ఉంది. నీకేముంది? నీ సంగతి ఎవరికి పట్టింది?"

ఆ మాట నిజమేననిపించింది చెంగమ్మకు.

"ఈ సందు ఇలాగే వదిలెయ్యి. పొద్దుగూకేవేళ వచ్చి ముంగిస పిల్లల్ని పట్టుకుపోతాను. నీ పిల్లల జోలికి రాను, ఒట్టు."

ముంగిస పిల్లలు పొద్దున్నే వచ్చి తన పిల్లలకు మూతులు ఆనించి, ఎంత మెత్తగా ఉన్నాయో అని మురిసిపోయి వెళ్ళాయి. అది గుర్తొచ్చింది చెంగమ్మకు. "సరే అన్నయ్యా, సందు వదులుతాను" అని నక్కను పంపేసి, నేరుగా తాత దగ్గరికి పరుగెత్తింది.

"నా వంతు నావల్ల కాలేదు తాతా" అని ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"తప్పు నాది తల్లీ. బాలింతకీ నాకూ ఒకే కొలత పెట్టాను" అన్నాడు తాత.

ముంగిస అప్పటికప్పుడే సందు మూసేద్దామంది. తాత వద్దన్నాడు. ఎండుగడ్డి కప్పుకుని, బయటికి వీపు పెట్టి, తనే ఆ సందులో ముడుచుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు లోపల పొంచి ఉన్నారు.

పొద్దు వాలగానే నక్క వచ్చింది. ఆత్రంకొద్దీ గడ్డిలోకి మూతి దూర్చింది. మూతినిండా ముళ్ళు దిగాయి. ఆ కేకకు అందరూ ఒక్కసారిగా మీదపడ్డారు. ఎలాగో విడిపించుకున్న నక్క దూరంగా నిలబడి, "నాకు మాటిచ్చావు కదే" అని మూలిగింది.

"నిలబెట్టుకున్నాను కదన్నయ్యా. సందు వదిలాను. అందులో ఎవరూ కూర్చోకూడదని నువ్వు చెప్పలేదు" అంది చెంగమ్మ.

నక్క ఇక ఆ గుట్టవైపు చూడలేదు. చీకటి పడకముందే అందరూ కంపలు లాగి ఆ సందు మూసేశారు. చెంగమ్మ ఒక్క కంపైనా ముట్టుకోలేదు, వాళ్ళు ముట్టుకోనివ్వలేదు. పిల్లలకు పాలిస్తూ చూస్తూ కూర్చుంది.

నీతి: ఎవరి వంతు వారిదేనన్న చోట శత్రువుకు సందు దొరుకుతుంది, ఒకరి వంతుకు అందరూ భుజం పట్టిన చోట దేవుడి కాపుదల ఉంటుంది.