వేడెక్కని షాకబ్జర్

మునిశేఖర్‌కి భయం పట్టుకుంది. తన చేత్తో బిగించిన నట్టుని తనే నమ్మలేనంత భయం.

అతను రేసు కార్లకు షాకబ్జర్లు కట్టే పనిలో ఉన్నాడు. పని నేర్పింది దస్తగిరి ఉస్తాద్. ఆయనది కడప. పలమనేరు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, షాకబ్జర్ల పని తప్ప మరో పని ముట్టకుండా తల నెరిసేదాకా బతికాడు. ఏ జట్టు కారు మలుపులో తూలినా, ఏ కారు వెనక భాగం కుదురుగా నిలవకపోయినా ఆయన షెడ్డు వెతుక్కుంటూ రావాల్సిందే. మాటలు తక్కువ మనిషి. శిష్యుడు తప్పు చేస్తే తిట్టడు, పక్కకొచ్చి నిలబడతాడు. అంతకంటే తిడితేనే నయమనిపించేది మునిశేఖర్‌కి.

కిందటేడు ఒక పోటీలో మునిశేఖర్ షాకబ్జర్లు కట్టిన కారు మలుపులో అదుపు తప్పి బోల్తా పడింది. నడిపిన కుర్రాడు బతికాడు గానీ కాలు మళ్లీ మునుపటిలా లేదు. టైరు పగలడమే కారణమని కారుని పరీక్షించిన వాళ్లు తేల్చారు. చీలిపోయిన ఆ టైరుని మునిశేఖర్ కూడా కళ్లారా చూశాడు. బుద్ధి ఒప్పుకుంది, గుండె ఒప్పుకోలేదు.

అప్పటినుంచీ కట్టిన షాకబ్జర్‌ని మళ్లీ విప్పేవాడు. నూనె పారబోసి, లోపలి పలకలన్నీ ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసి, మళ్లీ పేర్చేవాడు. ఏమీ దొరికేది కాదు. మూసిన గంటకే మళ్లీ అనుమానం మొదలయ్యేది.

ఒకరోజు అలా విప్పుతుంటే ఉస్తాద్ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఏం దొరికింది అబ్బీ?”

“ఏం లేదు ఉస్తాద్.”

“తాగు. చల్లారిపోతుంది.”

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంతలో అపూర్వ కారు పని వచ్చింది. అపూర్వ ఒక రేసు జట్టు డ్రైవరు. సన్నగా, గట్టిగా ఉండే పిల్ల. హెల్మెట్ పెట్టుకోకముందు ఎంత నవ్వుతుందో, పెట్టుకున్నాక అంత దూకుడుగా నడుపుతుంది. షెడ్డుకి దగ్గర్లోనే, మామిడి తోటలు కొట్టి వేసిన ట్రాక్ మీద ఆమెకి పోటీ ఉంది. నాలుగు షాకబ్జర్లూ విప్పి, శుభ్రం చేసి, కొత్త నూనెతో కట్టి ఇవ్వాలి.

మూడింటిని మునిశేఖర్ కట్టాడు. అందులో ఒకదాన్ని విప్పుతూ, కడుతూ, మళ్లీ విప్పుతూ పొద్దంతా గడిపేశాడు. టైము మించిపోతుంటే నాలుగోదాన్ని, వెనక ఎడమ చక్రానిది, ఉస్తాద్ తనే తీసుకుని చకచకా కట్టేశాడు. ఆ చేతుల వేగం చూస్తుంటే మునిశేఖర్‌కి సిగ్గేసింది. ఇలాంటి చెయ్యి తనకి ఎప్పుడొస్తుందో అనుకున్నాడు.

కట్టినవాటిని పరీక్షించే పని మాత్రం అతనిదే. షాకబ్జర్‌ని నిలువునా బిగించి, పైకీ కిందికీ గబగబా ఆడించే యంత్రం ఒకటుంది. దాన్ని డైనో అంటారు. షాకబ్జర్ ఎంత బలంగా అడ్డుకుంటోందో దాని తెర మీద గీతగా కనిపిస్తుంది. ముందు చల్లగా ఆడించాలి, తర్వాత బాగా వేడెక్కనిచ్చి మళ్లీ చూడాలి. గీత ఎక్కడా విరగకుండా గుండ్రంగా తిరిగి రావాలి.

మునిశేఖర్ కట్టిన మూడూ బాగా వచ్చాయి. నాలుగోది ఎక్కించాడు. చల్లగా ఉన్నప్పుడు బాగుంది. వేడెక్కాక, గీత మలుపు తిరిగే చోట చిన్న నొక్కు కనిపించింది. గోటితో గీరినంత నొక్కు.

 యంత్రం ఆపి మళ్లీ ఆడించాడు. నొక్కు లేదు. ఇంకోసారి ఆడించాడు. ఉందా, లేదా? కళ్లు నులుముకుని చూశాడు. తేలలేదు.

ఏడాదిగా లేని తప్పులు చూస్తున్న కళ్లు ఇవి. ఉస్తాద్ చేతిలో కూడా తప్పు వెతికే స్థితికి వచ్చానా అనుకున్నాడు. 

“ఎట్లుంది?” అని దూరం నుంచి అడిగాడు ఉస్తాద్.

“బాగుంది ఉస్తాద్,” అన్నాడు మునిశేఖర్.

ఆ మాట అన్నప్పటి నుంచి అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ట్రాక్ మీద ముందు ప్రాక్టీసు, తర్వాత ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్, మధ్యాహ్నం పోటీ. అపూర్వ కారు మొదటి చుట్టుకి బయల్దేరింది. మునిశేఖర్ గోడ పక్కన నిలబడి రెండు చేతులతో ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. కారు ఎదురుగా దూసుకుపోతున్నంతసేపూ ఫర్వాలేదు, కనిపిస్తుంది. అవతలి కొసన మట్టిదిబ్బ వెనక్కి వెళ్లగానే చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయినట్టవుతుంది. అక్కడ గుండె కూడా ఆగేది. ఎవరో కేక వేస్తారని, దుమ్ము లేస్తుందని, ప్రమాదమని పసుపు జెండా ఊపుతారని చూస్తూ ఉండేవాడు. మళ్లీ చప్పుడు మొదలైతే ఊపిరి వదిలేవాడు. తర్వాతి చుట్టు మొదలయ్యేది.

ఉస్తాద్ ఒక పాత టైరు మీద కూర్చుని అతన్నే చూస్తున్నాడు. మునిశేఖర్ అది గమనించలేదు.

కారు లోపలికి వచ్చింది. అపూర్వ హెల్మెట్ తీసింది. ముఖం చెమటతో మెరుస్తోంది.

“భలే ఉంది శేఖరన్నా! వెనక భాగం ఎంత తేలిగ్గా తిరుగుతోందో! స్టీరింగ్ అలా అంటే చాలు, ఇలా వచ్చేస్తోంది.”

తేలిగ్గా అన్న మాట వినగానే మునిశేఖర్ చేతులు వణకడం మొదలుపెట్టాయి. జేబుల్లో దాచుకున్నాడు.

జట్టు మేనేజరు జయచంద్ర గారు గడియారం చూసుకుంటున్నారు. “టైర్లు మార్చండి, పెట్రోలు పోయండి. క్వాలిఫయింగ్‌కి ఎక్కువ టైము లేదు. ముందు వరసలో నిలబడాలి ఇవాళ.”

కారుని జాకీల మీద లేపారు. టైర్ల కోసం చక్రాలు ఊడదీశారు. అప్పుడు ఉస్తాద్ లేచి వచ్చి మునిశేఖర్ మోచెయ్యి పట్టుకున్నాడు.

“చేతులు బయటికి తియ్యి.”

తీశాడు. వణుకుతున్నాయి.

“ఊరికే భయం ఉస్తాద్. మీకు తెలుసు కదా, నాకు ఎప్పుడూ ఉండేదే.”

ఉస్తాద్ అతన్ని ముందువైపు కుడి చక్రం దగ్గరికి తీసుకెళ్లాడు. “షాకు మీద చెయ్యి పెట్టు.”

పెట్టిన చెయ్యి వెంటనే వెనక్కి లాక్కున్నాడు మునిశేఖర్. కాలుతోంది. చక్రం ఎగిరి పడినప్పుడల్లా ఆ కుదుపుని లోపలి నూనె మింగి వేడి చేసుకుంటుంది. పని చేసే షాకబ్జర్ కాలక తప్పదు. షెడ్డులో చేరిన కొత్తలో ఉస్తాద్ చెప్పిన పాఠమే.

ముందు ఎడమ. అదీ కాలింది.

వెనక కుడి. చెయ్యి నిలవలేదు.

వెనక ఎడమ దగ్గరికి వచ్చారు.  ఉస్తాద్ వేచి ఉన్నాడు. చివరికి మునిశేఖర్ చెయ్యి చాపి దాని మీద పెట్టాడు.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎండలో పెట్టిన నీళ్ల చెంబంత గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ ట్రాక్‌లో మలుపులు ఎక్కువ కుడికే. బరువంతా ఎడమ చక్రాల మీదే పడుతుంది. ముందు కుడిదే అంత కాలినప్పుడు, ఇది ఇంకా ఎక్కువ కాలాలి.

“ఏమంటాంది?” అన్నాడు ఉస్తాద్.

మునిశేఖర్ చెయ్యి తియ్యకుండా షాకబ్జర్ వంకే చూస్తున్నాడు.

“దానికి నోరు లేదు అబ్బీ. నీకుంది.”

“చల్లగా ఉంది ఉస్తాద్.”

“ఎవరు కట్టింది?”

కొంచెం దూరంలో అపూర్వ నీళ్లు తాగుతూ ఎవరితోనో నవ్వుతోంది. మునిశేఖర్ ఆమె వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు.

“మీరే.”

“డైనో మీద?”

“వేడెక్కాక గీత కొంచెం నొక్కుకుంది. తర్వాత మళ్లీ బాగానే వచ్చింది. నా కళ్లదే తప్పనుకున్నా. మీరు కట్టింది కదా అని...” అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “చెప్పలేదు ఉస్తాద్. భయపడ్డా.”

ఉస్తాద్ వంగి తన అరచెయ్యి అదే చోట పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. లేచేటప్పటికి ఆయన ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. అన్నేళ్లలో ఆ ముఖాన్ని అలా చూడలేదు మునిశేఖర్.

“జయచంద్ర గారూ, బండి పోదు.”

“పోదంటే? ఇప్పుడే కదా ఆ అమ్మాయి భలే ఉందంది!”

“వెనక షాకు పట్టడం లేదు. అందుకే తేలిగ్గా తిరుగుతాంది. ఇంకొంచెం వేగంగా పోతే ఆ తిరగడం ఆగదు. అది నా చేత్తో కట్టిందే. విప్పల్ల.”

“క్వాలిఫయింగ్ పోతుంది ఉస్తాద్. అందరికంటే వెనక నిలబడాలి. కొంచెం నెమ్మదిగా నడపమని చెబితే సరిపోదా?”

ఉస్తాద్ తాళం చెవి తీసి మునిశేఖర్ చేతికిచ్చాడు. “షెడ్డు తెరువు.”

అపూర్వ ఇద్దరి ముఖాలూ చూసింది. ఏమీ అడగకుండా చేతి తొడుగులు తీసేసి కారు మీద పెట్టింది. జయచంద్ర గారు గడియారం చూడటం మానేసి పక్కకి తప్పుకున్నారు.

ఊడదీసిన షాకబ్జర్‌ని షెడ్డుకి తెచ్చాక ఉస్తాద్ పనిముట్లు ముట్టుకోలేదు. “నువ్వే విప్పు,” అని ఎదురుగా నిలబడ్డాడు.

మునిశేఖర్ లోపలి గ్యాసు వదిలేశాడు, నూనె వంచాడు. నూనెలో ఏదో తళుక్కుమంది. కడ్డీని మెల్లగా బయటికి లాగాడు. కడ్డీ కొసన, పల్చటి ఉక్కు పలకల దొంతరని నొక్కి పట్టే చిన్న నట్టు ఉంటుంది. దాన్ని వేళ్లతో తాకాడు. తిరిగింది. పానా అక్కర్లేకుండా, సీసా మూతలా తిరిగింది. కింద పలక ఒకటి అంచు విరిగి ఉంది.

మునిశేఖర్‌కి మట్టిదిబ్బ వెనక ఆగిపోయే ఆ చప్పుడు గుర్తొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

బిగువు ఎంత పడిందో అంకెల్లో చూపించే టార్క్ రెంచి గోడకి వేలాడుతోంది. ఉస్తాద్ దాని వంక చూశాడు.

“నిన్న దాన్ని తియ్యలేదు నేను,” అన్నాడు. “చేత్తోనే బిగించినా. ఈ మధ్య అట్లే చేస్తాండా.”

మునిశేఖర్ లేచి కొత్త నట్టు, కొత్త పలకలు తెచ్చుకున్నాడు.  వణుకుతున్న చేతులతోనే పలకలు తుడిచి పేర్చాడు. రెంచితో కొలత చూసి బిగించాడు. నూనె పోసి, గాలి బుడగ మిగలకుండా కడ్డీని మెల్లగా ఆడించి మూశాడు. డైనో మీద ఎక్కించి, చెయ్యి పెట్టలేనంత వేడి వచ్చేదాకా నడిపించాడు. గీత నిండుగా తిరిగి వచ్చింది.

దించాడు. మళ్లీ విప్పి చూద్దామని చెయ్యి పానా మీదికి పోయింది. ఉస్తాద్ వంక చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మునిశేఖర్ పానా బల్ల మీద పెట్టేసి, షాకబ్జర్‌ని గుడ్డలో చుట్టుకుని ట్రాక్‌కి బయల్దేరాడు.

క్వాలిఫయింగ్ అప్పటికే అయిపోయింది. మధ్యాహ్నం పోటీలో అపూర్వ కారు అన్నిటికంటే వెనక నిలబడింది. మునిశేఖర్ మళ్లీ అదే కమ్మీ పట్టుకున్నాడు. భయం తగ్గలేదు. కారు దిబ్బ వెనక్కి వెళ్లినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు, చప్పుడు వినిపించినప్పుడల్లా వదిలాడు. ఒక చుట్టులో ముందు పోతున్న కారు ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. అపూర్వ కారు ట్రాక్ పక్కనున్న గరుకు అంచు మీదికి ఎక్కి, ఎగిరి, కింద పడింది. మునిశేఖర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కారు ఒక్కసారి కుంగి లేచి, నిటారుగా సాగిపోతోంది.

కప్పు రాలేదు. కార్ల మధ్యలో ఎక్కడో ముగించింది. కారు ఆపి, తన కాళ్ల మీద తను దిగి, నేరుగా మునిశేఖర్ దగ్గరికి వచ్చింది.

“వెనక బరువైపోయిందన్నా. పొద్దుటంత సరదాగా లేదు,” అంది. కొంచెం ఆగి, “ఆ అంచు మీద ఎగిరినప్పుడు మాత్రం అమ్మ గుర్తొచ్చింది,” అంది.  నవ్వడానికి ప్రయత్నించి, కుదరక వెళ్లిపోయింది.

జట్టు వాళ్లు సామాన్లు సర్దుకున్నారు. ఎండ వాలింది. షెడ్డు ముందు కుళాయి దగ్గర ఉస్తాద్ సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. ఆ రోజు ఆయన పని ముట్టుకోలేదు. అయినా రుద్దుకుంటూనే ఉన్నాడు.

మునిశేఖర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. 

“ఈ భయం ఎప్పుడు పోతుంది ఉస్తాద్?”

ఉస్తాద్ కుళాయి కట్టేశాడు.

“నాకు పోయింది అబ్బీ,” అన్నాడు. “చూసినావు గదా.”