ఉడుతమ్మకి ఇల్లిచ్చేసిన వాళ్ళు

బుల్లెబ్బాయి, అతని పెళ్ళాం మంగాయమ్మ, తమ్ముడు తాతబ్బాయి. ఇంట్లో ముగ్గురే, ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. "ఊళ్ళోవాళ్ళకి తెలివి లేదంటే పాపం వాళ్ళ తప్పేముంది? ఉన్నదంతా మనింట్లోనే ఉండిపోయిందాయె!" అని మంగాయమ్మ రోజూ పొయ్యి ముందు కూర్చుని ఊరి మీద జాలిపడేది.

ఓ రోజు వాకిట్లో వేరుశనక్కాయలు ఎండబోస్తే ఓ ఉడుత వచ్చింది. రెండు చేతుల్తో కాయ పట్టుకుని, బుగ్గలాడిస్తూ ఎంత ముద్దుగా తిందనుకున్నారు! ఇంకేముంది, ముగ్గురి ప్రాణాలూ దాని మీదే. ఉడుతమ్మ అని పేరు పెట్టేశారు. అది కనబడకపోతే మంగాయమ్మకి ముద్ద దిగేది కాదు. కానీ వీళ్ళు దగ్గరికెళ్తే చాలు, అది తుర్రుమనేది.

"ఉడుతమ్మ మమ్మల్ని వదిలేసి పోతే ఎలాగత్తా?" అని తాతబ్బాయి పక్కింటి గవరమ్మత్త దగ్గర బావురుమన్నాడు.

"మనుషుల్ని చూస్తే దానికి బెదురురా. మీ మొహాలు దానికి కనబడనివ్వకండి," అందామె.

అంతే! ముగ్గురూ నెత్తిన గంపలు బోర్లించుకున్నారు. మొహాలు కనబడవు కదా! మంగాయమ్మ గంపలోంచే వంట చేసి, పులుసులో చింతపండు బదులు కుంకుడుకాయలు పిసికింది. తాతబ్బాయి గేదె అనుకుని అన్నయ్య కాళ్ళు కట్టేసి, చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్, నేన్రా!"

"ముందే చెప్పొద్దూ! ఇందాకట్నించీ తోక కోసం వెతుకుతున్నా."

ఈ గోలలో కిచకిచమని చప్పుడైంది. "వచ్చిందా?" అంటే "గంపలో ఉన్నవాణ్ణి, నాకెలా తెలుస్తుంది?" అని ఒకరినొకరు కసురుకున్నారు. చివరికి చూసి చెప్పమని మళ్ళీ గవరమ్మత్తనే పిలిచారు.

ఆవిడ నవ్వలేక చచ్చింది. "మీ అటక మీద పిల్లల్ని పెట్టిందర్రా! గంపలు తీసి అవతల పారెయ్యండి. ఇంక ఆ ఇల్లు దానిదే అనుకుని, దాని జోలికి పోకండి. ఎక్కడికీ పోదు."

"ఇల్లు దానిదైతే పరాయివాళ్ళం, మనకిక్కడేం పని?" అన్నాడు బుల్లెబ్బాయి. ఇంకేముంది, మంచాలూ, కుంచాలూ, వేరుశనక్కాయల బస్తా అన్నీ ఎత్తుకుని గేదెల పాకలోకి పోయారు. "వెళ్ళొస్తామమ్మా, పిల్లలు జాగ్రత్త," అని మంగాయమ్మ అటకకి దండం కూడా పెట్టింది.

ఇంట్లో తిండి లేకపోతే ఉడుతెందుకుంటుంది? కాయల వాసన పట్టుకుని, పిల్లల్ని నోట కరుచుకుని పాక దూలం మీదకి వచ్చేసింది.

"చూశారా, మనల్ని విడిచి ఉండలేకపోయింది!" అని ముగ్గురూ ఆనందం పట్టలేక ఏడ్చేశారు. ఏడుపయ్యాక తాతబ్బాయికి అనుమానం వచ్చింది. "అయితే అన్నయ్యా, ఈ పాక కూడా ఇప్పుడు తనదేగా?" అంతే! బస్తా నెత్తినెట్టుకుని, గేదెని కూడా తోలుకుని, జోరువానలో బయటపడ్డారు.

గవరమ్మత్త చూసి తల పట్టుకుంది. "ఇదేం ఖర్మర్రా, లోపలికి రండి!" అని ముగ్గురికీ తువ్వాళ్ళిచ్చి, వేడివేడి కాఫీ పోసి, తనూ ఓ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఒక గుక్క తాగిందో లేదో, నోట్లో పిల్లతో ఉడుత కిటికీలోంచి లోపలికి దూకింది.

ముగ్గురూ దిగ్గున లేచారు. మంగాయమ్మ గవరమ్మత్త చేతిలో గ్లాసు లాక్కుంది.

"ఇంకా కూర్చున్నావేంటత్తా, సిగ్గు లేకుండా! లే, మూట సర్దుకో. ఇంటావిడ వచ్చేసింది!"